ఉచితంగా ఇచ్చే ముందు రాయవలసిన వాక్యం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అధ్యక్షులవారికి, గ్రంథాలయాధికారి గారికి, ఈ ముసురులో గొడుగులు వేసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ అధ్యక్షులవారు "తన పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేసిన ఉదారురాలు" అన్నారు. మీరు చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లు మూటగట్టుకుని ఇంటికి వెళ్లే ముందు మా అటక సంగతి చెప్పడం న్యాయం.

2009లో నా రెండో కథల సంపుటి వేయించాను. వెలువడింది అనడం లేదు, వేయించాను అంటున్నాను. తెలుగులో చాలామంది రచయితల పుస్తకాలకు ప్రచురణకర్త, పెట్టుబడిదారు, మోతకూలీ అన్నీ ఆ రచయితే. డెమ్మీ సైజు, 160 పేజీలు, అంటే ప్రెస్సు లెక్కలో పదహారేసి పేజీల ఫారాలు పది. 500 ప్రతులు. డీటీపీ, ముఖచిత్రం, కాగితం, బైండింగు అన్నీ కలిపి బడిపంతులమ్మగా నా ఒకటిన్నర నెల జీతం అయింది. వెల 80 రూపాయలు. అమ్మిపెట్టే దుకాణానికి 40 శాతం కమీషన్. నాలుగేళ్లలో 140 ప్రతులు అమ్ముడుపోయాయి. ప్రతికి 48 చొప్పున 6,720 రూపాయలు రావాలి. రావలసింది వేరు, వచ్చింది వేరు. ఆ లెక్క కోసం తిరిగిన ఆటో ఛార్జీల జోలికి ఇప్పుడు వెళ్లను. సభల్లో, పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో 120 పంచాను. మిగిలిన 240 కట్టలు కట్టలుగానే అటకెక్కాయి. వాటిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదివినవి చెదపురుగులే.

కాబట్టి నా ఉదారత అక్కడి నుంచి మొదలైంది. అమ్ముడుపోని సరుకును పంచిపెట్టడాన్ని దానం అనకూడదు.

ఇంటర్నెట్‌లో పెడదామని అనుకున్నాక కూడా అది అంత సులువుగా జరగలేదు. డీటీపీ చేసిన కుర్రాడు అప్పట్లో ఒక సీడీ ఇచ్చాడు. బీరువాలో చీరల మధ్య దాచాను. పదేళ్ల తర్వాత మా అమ్మాయి కంప్యూటర్‌లో పెడితే తెలుగు రాలేదు. ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, బ్రాకెట్లు కలిసిన ఒక కిచిడీ కనిపించింది. నా కథే అది, అను ఫాంట్లలో ఉంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌కు అది తెలుగే కాదు. మనవాళ్లు ఏళ్ల తరబడి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో అచ్చువేసిన పుస్తకాల ఫైళ్లన్నిటిదీ ఇదే గతి. వెదికితే దొరకవు, ఫోనులో తెరుచుకోవు. ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒకదానిలో వేశాను. వత్తులన్నీ ఒక అక్షరం పక్కకు జరిగి కూర్చున్నాయి. దిద్దీ దిద్దీ విసిగి, చివరకు 160 పేజీలూ ఫోనులో మళ్లీ టైపు చేశాను. మూడు నెలలు పట్టింది. ఉచితంగా ఇవ్వడానికి ముందు నేను పెట్టిన పెట్టుబడి నా కుడిచేతి బొటనవేలు.

పెట్టిన నెలన్నరకు వాట్సాప్‌లో ఒక గొంతు సందేశం వచ్చింది. రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న ఒకామె. రాత్రి వంటిల్లు కడిగాక ఫోనులో నా కథలు చదువుతున్నానని చెప్పింది. నా సంపుటిలో కువైట్ వెళ్లిన తల్లి కథ ఒకటి ఉంది. ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల ప్రతి ఆదివారం తల్లి ఫోను కోసం ఎదురుచూస్తుంది. ఆమె అన్నది ఇది: "అక్కా, ఇక్కడ సెలవు శుక్రవారం. అది కూడా ఆఫీసులవాళ్లకే. మాకు శుక్రవారమే పని ఎక్కువ, చుట్టాలంతా ఆ రోజే వస్తారు. వాళ్లు రాకముందు పొద్దున ఏడున్నరకు ఒక పది నిమిషాలు ఇంటికి ఫోను చేసుకుంటాను."

కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ ఏడున్నర అంటే ఇక్కడ పది. శుక్రవారం పొద్దున పదింటికి పిల్ల ఎక్కడ ఉంటుంది? బడిలో.

నేను అయిదు రోజులు ఆ కథ ముందు కూర్చున్నాను. ఆదివారం తీసి శుక్రవారం పెడితే సరిపోయే తప్పు కాదు అది. ఆదివారం అయితే పిల్ల ఇంట్లో ఉంటుంది, అమ్మతో మాట్లాడుతుంది. శుక్రవారం అయితే అమ్మ ఫోను వచ్చేసరికి పిల్ల ఉండదు, అమ్మమ్మే మాట్లాడుతుంది. సాయంత్రం పిల్ల వచ్చి, "అమ్మ ఏమంది?" అని అడుగుతుంది. అమ్మమ్మ తనకు తోచింది చెబుతుంది. కథ చివరి పేజీ మొత్తం తిరగరాశాను. ఇప్పుడు అది ఇంతకుముందుకన్నా మంచి కథ. అటక మీద 240 ప్రతుల్లో మాత్రం పిల్ల ఇంకా ఆదివారం మాట్లాడుతూనే ఉంది.

80 రూపాయల పుస్తకం ఏ దారిన వెళ్తే కువైట్‌లో ఆ వంటింటికి చేరేది? అందుకే ఉచితంగా పెట్టినందుకు నాకు విచారం లేదు. ఇంతవరకు అంటే మీరు మళ్లీ చప్పట్లు కొడతారు. నేను చెప్పడానికి వచ్చింది ఆ తర్వాతి సంగతి.

ఉచితంగా ఇచ్చేవాళ్లందరినీ ఒక్కసారి వరసగా నిలబెట్టి చూడండి. అమెరికాలోని తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన 'ఈమాట' పత్రికను నడిపేవారికి జీతాలు లేవు, చదివేవారికి చందాలు లేవు. వాళ్లకు వేరే ఉద్యోగాలు ఉన్నాయి. వాడ్రేవు చినవీరభద్రుడు గారు తన పుస్తకాలను ఎవరైనా దించుకునేలా పీడీఎఫ్‌లుగా పెడుతున్నారు. ఆయన ఐఏఎస్ అధికారిగా పనిచేశారు. తమిళంలో జయమోహన్ 2014 జనవరి 1న మహాభారతాన్ని నవలగా రాయడం మొదలుపెట్టి, రోజుకొక అధ్యాయం తన వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచి ఉంచారు. 2020 జూలైలో ముగించేసరికి 26 సంపుటాలు! వినడానికే మనకు ఆయాసం వస్తుంది. 2011లో ఆయన అదే చోట వరసగా పెట్టిన కథలే అవినేని భాస్కర్ అనువాదంలో 'నెమ్మి నీలం'గా మన చేతికి వచ్చాయి. ఉచితంగా దొరుకుతున్నా ఆయన పుస్తకాలు అచ్చులోనూ కొనుక్కుంటారు. అయితే ఆయన టెలిఫోను శాఖలో ఉద్యోగం చేశారు, సినిమాలకు రాస్తారు. నాకు పెన్షన్ వస్తుంది. మా అందరి పొయ్యిలూ వేరే కట్టెలతో వెలుగుతున్నాయి.

ఇది తప్పని అనడం లేదు. కానీ రాతనే నమ్ముకున్న పాతికేళ్ల కుర్రాడితో "మీరూ ఉచితంగా పెట్టండి, ఎంత పేరు వస్తుందో" అని పెన్షన్ తీసుకునే నేను చెప్పకూడదు. చెబితే సిగ్గుచేటు.

అమెరికాలో ఆండీ వియర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామర్ ఉదాహరణ అందరూ చెబుతారు. అంగారకుడి మీద చిక్కుకుపోయినవాడి కథను 2009 నుంచి అధ్యాయాలుగా తన సైట్‌లో ఊరికే పెట్టాడు. పాఠకులు అమెజాన్‌వాళ్ల ఈ-పుస్తకాల కిండిల్‌లో కావాలన్నారు. అక్కడ ఉచితంగా పెట్టనివ్వరు కనుక కనీస ధర 99 సెంట్లు పెట్టాడు. ఊరికే దొరికేదాన్ని జనం వేలకొద్దీ కొన్నారు. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ వేసింది, 2015లో సినిమా వచ్చింది. నిజమే. లాటరీ తగిలినవాడి ఫొటో కూడా నిజమే. దాన్ని చూపించి టిక్కెట్లు అమ్మేవాళ్లతో జాగ్రత్తగా ఉండాలి.

పోతన గారి పేరు చెప్పేవాళ్లు ఇంకొందరు. రాజులకు కృతి ఇవ్వలేదు, ధనం ఆశించలేదు, మీరెందుకు పారితోషికం అడుగుతారు అంటారు. పోతన గారు హాలికుడు అని చెప్పేదీ వాళ్లే. అయ్యా, హాలికుడు అంటే నాగలి పట్టినవాడు. ఆయనకు పొలం ఉంది!

మొన్నామధ్య యూట్యూబ్‌లో కథలు చదివి వినిపించే ఒకరు నా కథ చదివారు. గొంతు బాగుంది. కథ పేరు మార్చారు, "ఒక అమ్మ రాసిన కథ" అన్నారు, నా పేరు లేదు. మధ్యలో రెండుసార్లు వంటనూనె ప్రకటన వచ్చింది. ఫోను చేసి అడిగితే, "మేడం, మీకు మంచి ప్రచారం కదా" అన్నారు. పేరు లేని ప్రచారం ఎవరికండీ? వంటనూనెకు.

ఇవ్వడం వేరు, తీసుకోవడం వేరు. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ డబ్బు మారదు. తేడా ఎక్కడుందంటే, ఇచ్చినవాళ్లు ఏమి ఇచ్చారో, ఏమి ఇవ్వలేదో చెప్పారా లేదా అన్న దగ్గర ఉంది. ఆ యూట్యూబ్ ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి నా పుస్తకం ఉన్న పేజీ తెరిచి చూసుకున్నాను. "ఉచితంగా చదువుకోండి" అని మాత్రమే రాశాను. వినిపించవచ్చునా, అచ్చువేయవచ్చునా, అమ్మవచ్చునా, ఒక్క ముక్క లేదు. చట్టం నా వైపే ఉంది. హక్కులు అమ్మేసుకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు మిగులుతుందని 1957 నాటి మన కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. కానీ ఆ యూట్యూబ్ ఆయనకు ఏది చేయవచ్చో చెప్పనిది నేనే.

మనం ఇప్పుడు కూర్చున్న ఈ హాలు కూడా ఉచితంగా చదువుకునే చోటే. ఇక్కడ మాత్రం ఎవరిచ్చారో స్పష్టంగా తెలుసు. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి చట్టం అది. అంతకుముందు 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పడవ ఎక్కినవాళ్లు ఊరికే చదువుకున్నారు, పడవ ఖర్చు ఎవరో మోశారు. బ్రిటన్‌లో ఇంకొక అడుగు ముందుకు వేశారు. గ్రంథాలయంలో మీ పుస్తకాన్ని ఎవరైనా ఇంటికి తీసుకువెళ్తే, ప్రభుత్వం మీకు కొన్ని పెన్నీలు ఇస్తుంది. 1979లో చట్టం చేశారు. ఒక రచయితకు ఏడాదికి 6,600 పౌండ్లకు మించకుండా పరిమితి పెట్టారు, లేకపోతే డబ్బంతా నలుగురు ప్రసిద్ధుల జేబుల్లోకే పోతుంది కదా. చదివేవాడికి ఉచితం, రాసేవాడికి కూలి. ఈ రెండూ కలిసి ఉండలేవని ఎవరు చెప్పినా నమ్మకండి.

పక్కనే తమిళనాడు. కవి సుబ్రహ్మణ్య భారతి 1921లో పోయారు. ఆయన పాటల హక్కులు చేతులు మారి మారి ఒక సినీ నిర్మాత దగ్గరకు చేరాయి. 'భారతి పాట ఎవరి సొత్తు' అని పెద్ద గొడవ జరిగింది. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆ హక్కులు తీసుకుంది, తర్వాత ప్రజలకు వదిలేసింది. ఆపైన అక్కడి ప్రభుత్వాలు ఎందరో రచయితల వారసులకు డబ్బు చెల్లించి వాళ్ల రచనలను 'నాట్టుడమై' చేశాయి, అంటే జాతి సొత్తు. మన రెండు రాష్ట్రాలూ ఆ పనికి పూనుకుంటే ఈ గ్రంథాలయానికి కొత్త బీరువాలు కావలసి వస్తాయి. కార్యదర్శి గారు నవ్వుతున్నారు, ఉన్న బీరువాలకే తాళాలు లేవని కాబోలు.

సరే, ప్రభుత్వాల సంగతి పక్కన పెడదాం. నా మిత్రుడి సంగతి చెబుతాను. పేరు చెప్పను. నాలుగు నవలలు రాశాడు. ఒకటి మాత్రం చాలా గొప్పది. బతికి ఉన్నప్పుడు ఎవరు అడిగినా చేయి ఊపి, "వేసుకోండయ్యా, నాకేమీ వద్దు" అనేవాడు. అంత ఉదారుడు. పోయాడు. ఆరేళ్ల తర్వాత ఒక కుర్ర ప్రచురణకర్త ఆ నవల మళ్లీ వేస్తానని నా దగ్గరకు వచ్చాడు. హక్కులు ఇప్పుడు పిల్లలిద్దరివి. ఒకరు డాలస్‌లో, ఒకరు మెల్‌బోర్న్‌లో. అమ్మాయి సరేనంది. అబ్బాయి నుంచి జవాబు లేదు. ఆస్తి దగ్గర అన్నాచెల్లెళ్లకు మాటలు లేవట. నాన్న అందరికీ ఇచ్చేశాడని అందరికీ తెలుసు. కాగితం మీద ఎక్కడా లేదు. పుస్తకం మొదట్లో ఉన్నది "సర్వహక్కులు రచయితవి" అనే మాట ఒక్కటే. అదీ ఆయన రాసింది కాదు, డీటీపీ కుర్రాడు అందరికీ పెట్టినట్టే పెట్టాడు. ఇప్పుడు ఆ నవల ఒక స్కాన్ కాపీగా వాట్సాప్‌లో తిరుగుతోంది. అందులో 97, 98 పేజీలు లేవు. నాయిక ఇల్లు వదిలి వెళ్లేది ఆ రెండు పేజీల్లోనే.

మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. ఒకప్పుడు 50 ఉండేది. రవీంద్రుడి రచనల గడువు తీరిపోతుందని 1992లో ఇంకో పదేళ్లు పెంచారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు, 2022 నుంచి ఆయన కథలు అందరివీ. త్రిపురనేని గోపీచంద్ 2023 నుంచి. దేవరకొండ బాలగంగాధర తిలక్ 2027 జనవరి 1 నుంచి. చలం 2040 దాకా ఆగాలి, శ్రీశ్రీ 2044 దాకా. వీళ్లకు ఫరవాలేదు, వేసేవాళ్లు, చదివేవాళ్లు ఉన్నారు. నాలాంటివాళ్లను, నా మిత్రుడిలాంటివాళ్లను 60 ఏళ్లు ఎవరు కాపాడతారు? ఒక్క వెబ్‌సైట్ అద్దె కట్టకపోతే ఏడాదిలో మాయమవుతుంది. పీడీఎఫ్ ఉన్న ఫోను నీళ్లలో పడుతుంది. ఎవరో ఒకరు మళ్లీ టైపు చేసి, మళ్లీ దాచి, మళ్లీ అచ్చువేస్తేనే పుస్తకం బతుకుతుంది. అలా చేయాలనుకునే బుద్ధిమంతుడు చట్టానికి భయపడి ఆగిపోతాడు. భయం లేనివాడు నా పేరు కొట్టేసి వంటనూనె ప్రకటన పెట్టుకుంటాడు. ఏమీ రాయకుండా ఉచితంగా ఇస్తే జరిగేది ఇదీ.

గాంధీగారి 'హింద్ స్వరాజ్' ఇంగ్లీషు ప్రతి 1910లో వచ్చినప్పుడు, ఏ హక్కులూ ప్రత్యేకించలేదని పేరు ఉన్న పేజీలోనే అచ్చువేశారు. తర్వాతి కాలంలో అదే మనిషి తన రచనల హక్కులు నవజీవన్ ట్రస్టుకు రాసిచ్చారు. రెండుసార్లూ ఆయన చేసింది ఒక్కటే, కాగితం మీద పెట్టారు. ఆ ట్రస్టు కూడా గడువు తీరగానే పొడిగింపు అడగకుండా వదిలేసింది.

ఇప్పుడు మనకు ఇంకా సులువైన పద్ధతి ఉంది. క్రియేటివ్ కామన్స్ అనే ఒప్పంద పత్రాలు 2002 నుంచి ఉన్నాయి. లాయరు అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు. నా పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్చకూడదు, లేదా మార్చవచ్చు కానీ మారినదాన్ని కూడా ఇదే షరతుతో వదలాలి. వీటిలో మనకు కావలసినవి ఎంచుకుని ఒక వాక్యం రాయడమే. రాసే ముందు ఒకటి గుర్తుంచుకోండి, ఆ షరతులతో ఒకసారి పుస్తకం పుచ్చుకున్నవాళ్ల దగ్గర నుంచి దాన్ని వెనక్కి తీసుకోలేము. నేను చాలా రోజులు ఆలోచించాను. వ్యాపారానికి వద్దు అందామనుకున్నాను. కానీ అలా అంటే పుస్తకాలను ఇంటర్నెట్‌లో అందరికోసం దాచిపెట్టే తెలుగు వికీసోర్స్‌వాళ్లు తీసుకోరు, వాళ్ల నియమం అది. నాకు కావలసింది వాళ్లలాంటివాళ్లు దాచడమే. అందుకని నా మొదటి రెండు సంపుటాలకూ పేరు చెప్పడం, అదే షరతుతో వదలడం అనే రెండింటితో సరిపెట్టుకున్నాను. ఆ రెండూ కలిసిన పత్రాన్ని బై-ఎస్‌ఏ అంటారు. మా అమ్మాయి "రేపు సినిమావాళ్లు తీస్తే?" అంది. నా పేరు వేసి, ఆ సినిమాను కూడా అందరికీ అదే షరతుతో వదలాలి. తీయమనండి!

మూడో సంపుటి ఉచితం కాదు. 150 రూపాయలు. అదేమిటని అడిగినవాళ్లకు చెబుతున్నాను, ఏది ఇవ్వాలో నిర్ణయించేది నేను. అది బయట బల్ల మీద ఉంది, కొనుక్కోండి.

నేను రాసిన వాక్యం చదువుతాను, కావాలంటే రాసుకోండి. "ఈ పుస్తకాన్ని ఎవరైనా చదవవచ్చు, నకలు తీయవచ్చు, అచ్చువేయవచ్చు, అమ్ముకోవచ్చు, అనువదించవచ్చు. రచయిత్రి పేరు చెప్పాలి. మార్పులు చేస్తే చేశామని చెప్పాలి. దీని నుంచి పుట్టినదాన్ని ఇదే షరతుతో అందరికీ వదలాలి. క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 4.0." కింద సంతకం, తేదీ. ఒక కాగితం మా బీరువాలో ఉంది, ఒకటి మా అమ్మాయి దగ్గర ఉంది.

అదే బల్ల మీద మూడో సంపుటి పక్కన 2009 నాటి పుస్తకాలు కూడా ఉన్నాయి. చెదలు వదిలిపెట్టినవి 31 దొరికాయి. వాటికి డబ్బులు ఇవ్వవద్దు. 112వ పేజీలో ఆదివారం కొట్టేసి పెన్నుతో శుక్రవారం అని దిద్దాను. ఆ కథ చివరి పేజీ కొత్తది జిరాక్సు తీసి అతికించాను. నిన్న రాత్రి అతికించినవి, ఈ ముసురుకు జిగురు ఇంకా ఆరలేదు. కొంచెం మెల్లగా తెరవండి.